తారుకీ కంకరకీ కలిపి టైర్లు ఎంచుకోవడం ఎలా

బైకుకి టైర్లు మార్చే టైమ్ వచ్చిన ప్రతివాళ్ళూ నన్ను అడిగేది "మంచి ఆఫ్‌రోడ్ టైరు ఏది?" అని. నేను తిరిగి అడిగేది ఒక్కటే: మీ దారిలో బురద ఉందా? ఆ ఒక్క జవాబుతో సగం టైర్లు లిస్టులోంచి పోతాయి. సెల్ టవర్ల మెయింటెనెన్స్ పని నాది. బైకు వెనక పెట్టెలో పనిముట్లు వేసుకుని తారు రోడ్డు మీద వెళ్ళడం, చివర్లో కంకర దారి పట్టడం రోజూ ఉండేదే. కాబట్టి ఇది రేసుల వాళ్ళకి పనికొచ్చే సలహా కాదు.

కంకర వేరు, బురద వేరు. బురదలో టైరు తనకి అంటుకున్న మట్టిని విదిలించుకోవాలి. అందుకు పెద్ద పెద్ద బటన్లు, అంటే టైరు మీద పొడుచుకొచ్చిన రబ్బరు దిమ్మలు, వాటి మధ్య బాగా ఖాళీ కావాలి. కంకర దారికి అడుగున గట్టి నేల ఉంటుంది, పైన వదులు రాళ్ళు దొర్లుతుంటాయి. ఆ రాళ్ళని పక్కకి నెట్టి కింది నేలని అందుకోవడమే టైరు పని. దానికి ఓ మోస్తరు బ్లాకులు (అంత ఎత్తు, అంత ఖాళీ లేని దిమ్మలు), వాటికి పదునైన అంచులు, సరైన గాలి ఉంటే చాలు. బురద టైరు వేసుకుని కంకర మీద తిరిగితే వచ్చే లాభం తక్కువ, తారు మీద వచ్చే నష్టం ఎక్కువ. నేలని తాకే రబ్బరు తగ్గిపోతుంది, బ్రేక్ వేసినప్పుడూ వంపులో వాలినప్పుడూ ఒక్కో బటనూ కాస్త వంగుతుంది. పొడి రోడ్డు మీద అది పెద్దగా తెలియదు. వాన పడ్డాక తెల్ల గీత మీద బ్రేక్ వేసినప్పుడు తెలుస్తుంది.

ఇక 50/50, 80/20, 90/10 అని రాసే లెక్కలు, అంటే తారు రోడ్డుకి ఎంత శాతం, మట్టి దారికి ఎంత శాతం అని. వీటికి అందరూ పాటించే కొలత అంటూ ఏదీ లేదు. ఎవరి అంచనా వాళ్ళది. ఒక కంపెనీ 50/50 అన్నది ఇంకో కంపెనీ దగ్గర 70/30 కావచ్చు. అందుకే నేను నంబరు కన్నా టైరుని చూస్తాను. మధ్యలో బ్లాకులు దగ్గర దగ్గరగా ఉన్నాయా, అంచుల దగ్గర విడివిడిగా ఉన్నాయా? మధ్య భాగం నిండుగా ఉంటే తారు మీద మోత తక్కువ, అరుగుదలా నెమ్మది. అంచులు విడిగా ఉంటే వంపుల్లో కంకరని పట్టుకుంటాయి. నాలాంటి వాడకానికి ఈ రెండూ కలిసిన టైరే కావాలి. ఒక జాగ్రత్త: పేరు ఒకటే అయినా సైజు మారితే డిజైన్ మారొచ్చు. హైడెనౌ కంపెనీ కె60 స్కౌట్ టైరునే తీసుకోండి. వెనక టైరు కొన్ని పెద్ద సైజుల్లో మధ్యలో తెగని పట్టీ ఉంటుంది, కొన్ని చిన్న సైజుల్లో ఉండదు. ఎవరి బండి మీదో ఫొటో చూసి కొనకండి, మీ సైజు ఫొటోనే వెతకండి.

ముందు టైరు, వెనక టైరు ఒకే జత కావాలన్న పట్టుదల నాకు లేదు. కంకర మీద వెనక చక్రం జారితే బండి కాస్త తోక ఊపుతుంది, థ్రాటిల్ తగ్గిస్తే చాలాసార్లు దారికొస్తుంది. ముందు చక్రం జారితే అంత టైమ్ ఇవ్వదు. హ్యాండిల్ తేలికైనట్టు అనిపించేలోపే కింద ఉంటాం. అందుకే బటన్లు కాస్త ఎక్కువున్న టైరు ముందు, రోడ్డు వైపు మొగ్గేది వెనక వేయమంటాను. ఉదాహరణకి ముందు కాంటినెంటల్ టికెసి 80, వెనక టికెసి 70. వెనక చక్రానికి ఇంజిన్ బలం, సామాను బరువు రెండూ పడతాయి కాబట్టి అక్కడ బటన్ టైరు తారు మీద తొందరగా కరిగిపోతుంది. బరువైన బండి అయితే మరీను. ముందు టైరుకి అంత తొందర లేదు. అయితే మీరు వానలో తారు మీదే ఎక్కువ తిరిగేవాళ్ళైతే ఈ సలహా పక్కన పెట్టండి, బ్రేకుల కోసమైనా ముందు కూడా రోడ్డు టైరుకి దగ్గరగా ఉన్నదే వేయండి. ముందు రేడియల్, వెనక బయాస్ (టైరు లోపలి దారాల అమరిక వేరుగా ఉండే రెండు రకాలు) లాంటి కలయికలు మాత్రం కంపెనీ ఒప్పుకుంటేనే.

కొనేముందు టైరు పక్క గోడ చదవండి. 90/90-21 54ఎస్ అని ఉందనుకోండి. వెడల్పు 90 మిల్లీమీటర్లు, ఎత్తు అందులో 90 శాతం, రిమ్ము 21 అంగుళాలు. 54 అంటే 212 కిలోల బరువు మోయగలదని, ఎస్ అంటే గంటకి 180 కిలోమీటర్ల వేగం వరకు తట్టుకుంటుందని. బరువు నంబరుని చాలామంది పట్టించుకోరు. పనిముట్ల పెట్టెతో తిరుగుతాను కాబట్టి వెనక టైరుకి నేను ముందు చూసేది అదే. మాన్యువల్‌లో ఉన్నదానికన్నా తక్కువ నంబరు టైరు ఎంత చవకగా వచ్చినా వద్దు. టిటి అంటే ట్యూబు ఉండేది, టిఎల్ అంటే ట్యూబ్‌లెస్. నాలుగంకెల తేదీ కూడా ఉంటుంది: 2324 అంటే 2024లో 23వ వారం తయారైంది. వెడల్పు టైరు వేస్తే గ్రిప్ పెరుగుతుందన్న నమ్మకం ఒకటుంది. సన్నని రిమ్ముకి వెడల్పు టైరు ఎక్కిస్తే దాని గుండ్రటి ఆకారం పాడవుతుంది, చైనుకో, వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగార్మ్‌కో రాసుకోవచ్చు, పైగా కంకర మీద నేలని అందుకోకుండా పైపైన తేలుతుంది.

ఇంత చూసి కొన్నా గాలి సరిగ్గా లేకపోతే దండగే. అసలు కొత్త టైరు కొనాలనిపించినప్పుడు మొదట ఇప్పుడు బండికున్న టైర్లలోనే గాలి మార్చి చూడమంటాను. తారు మీద మాన్యువల్ చెప్పినంత, అదీ టైరు చల్లగా ఉన్నప్పుడు కొలిచి. కంకర దారి కాస్త పొడవుగా ఉందంటే ఆగి తగ్గిస్తాను. మాన్యువల్ 29 పీఎస్‌ఐ అంటే 24, 25 దాకా. టైరు కాస్త మెత్తబడి రాళ్ళ మీద ఎగరడం మానేస్తుంది, హ్యాండిల్ కొట్టుకోవడం కూడా తగ్గుతుంది. ఇంకా తగ్గిస్తే రిమ్ముకీ రాయికీ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. సామాను ఉంటే వెనక టైరులో అంత కూడా తగ్గించకూడదు. మళ్ళీ తారు ఎక్కగానే గాలి నింపాలి, లేకపోతే వేగంలో టైరు వేడెక్కిపోతుంది. గేజీ, చిన్న పంపు వెంట లేనివాళ్ళు గాలి తగ్గించకపోవడమే మేలు.

టైరు అయిపోయిందో లేదో చెయ్యి చెబుతుంది. బండి నిలబెట్టి ముందు టైరు మీద అరచేతిని చక్రం తిరిగే వైపుకి నిమరండి, తర్వాత దానికి ఎదురుగా. ఒకవైపు నున్నగా జారి, రెండో వైపు ప్రతి బటన్ అంచూ చేతికి రంపపు పళ్ళలా తగిలితే బ్లాకులు ఏటవాలుగా అరుగుతున్నాయన్నమాట. తారు మీద మోత పెరగడానికి కారణం ఎక్కువగా ఇదే. వెనక టైరుకి బ్లాకుల అంచులు గుండ్రంగా అరిగాయా చూడండి. గాడుల అడుగున ఉండే అరుగుదల గుర్తు దాకా రాకపోయినా, అంచుల పదును పోయిన టైరు కంకర మీద పట్టు వదిలేస్తుంది.

బిగించేటప్పుడు తిరిగే దిశ చూపే బాణం సరిగ్గా ఉందో లేదో షాపులోంచి కదలకముందే చూసుకోండి. ట్యూబు టైరు అయితే ట్యూబూ కొత్తదే వేయించండి, పాతది సాగి ఉంటుంది. మొదటి 150 కిలోమీటర్లు పెద్దగా వాలకండి, గట్టిగా బ్రేక్ వేయకండి. కొత్త రబ్బరు పైన నున్నగా ఉంటుంది, అది కాస్త అరిగాకే పట్టు వస్తుంది. మర్నాడు పొద్దున బండి తీసేముందు గాలి ఇంకోసారి కొలవండి.