తిండి డైరీ, మూడో పాఠం: గరిటెకు లెక్క కట్టడం

మొదటి రెండు పాఠాల్లో కొలతలు వద్దన్నాను. తిన్నది తిన్న వెంటనే రాస్తే చాలన్నాను. వారం పేజీలు నిండాయి కదా, ఒకసారి తిరగేయండి. "మధ్యాహ్నం: అన్నం, పప్పు, వంకాయ కూర" అని ఉంటుంది. ఎంత అన్నం? ఒడిశాలోని మా పర్లాకిమిడి ఇళ్ళల్లో "ఇంకొంచెం వేసుకో" అంటే నిండు గరిటె అని అర్థం. ఆ కొంచేలు రెండు పడితే డైరీలో రాసిందానికీ తిన్నదానికీ పొంతన ఉండదు.

ఈ వారం మొదటి పని గరిటెను కొలవడం. ఇంట్లో కాటా లేకపోతే కిరాణా కొట్లో 100 గ్రాముల బియ్యం తూయించుకు రండి. గ్లాసులో పోసి ఎంతవరకు వచ్చిందో గీత పెట్టుకోండి. ఆ బియ్యమే విడిగా వండి, రోజూ వడ్డించే గరిటెతోనే తీసి లెక్కపెట్టండి. మా గరిటెకు ఐదు వచ్చాయి. 100 గ్రాముల బియ్యంలో సుమారు 350 క్యాలరీలు ఉంటాయి కాబట్టి మా గరిటె 70. నేను మధ్యాహ్నం నాలుగు గరిటెలే తింటున్నానని ఏళ్ళ తరబడి అందరితో చెప్పుకున్నాను. లెక్కపెడితే ఏడు! మీ గరిటె లెక్క వేరుగా ఉంటుంది, నాది ఎత్తి రాయకండి.

ఎండాకాలం పఖాళ (నీళ్ళు పోసి నానబెట్టిన అన్నం) తినేవాళ్ళు నీళ్ళు పోయకముందే గరిటెలు లెక్కపెట్టాలి. పోశాక గిన్నె నిండుగా కనిపించి కళ్ళను మోసం చేస్తుంది. తొరాణిలో, అంటే ఆ అన్నం నీళ్ళలో, ఉప్పు వేసుకుంటే అదీ రాయాలి.

ఉప్పు, నూనె గరిటెకు దొరకవు. వాటికి నెల లెక్కే సుఖం. నలుగురున్న ఇంట్లో నెలకు కిలో ఉప్పు అయిపోతోందా? తలకు రోజుకు 8 గ్రాములు దాటినట్టే. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది 5 గ్రాముల లోపు. పైగా ఊరగాయ, ఎండుచేప ఈ కిలోలోకి రానే రావు. నూనె కూడా అంతే: నెలకు 3 లీటర్లయితే తలకు రోజుకు 25 మిల్లీలీటర్లు. ప్యాకెట్ తెరిచిన తేదీ దాని మీదే రాస్తే సరి.

అన్నిటికంటే ఎక్కువగా తప్పించుకునేవి నిలబడి తిన్నవి. బస్టాండులో వడ, పొయ్యి దగ్గర రుచి చూసిన ముక్క, మనవడు వదిలేసిన మూరీలు (మరమరాలు). టీ మరీను. కప్పుకు రెండు చెంచాల పంచదార, రోజుకు నాలుగు కప్పులు అంటే 40 గ్రాములు, 160 క్యాలరీలు. మా మధ్యాహ్నం లెక్కలో రెండు గరిటెల అన్నం కంటే ఎక్కువే. కంచం ముందు కూర్చోలేదు కాబట్టి అది తిండి కాదనుకుంటాం.

పేర్ల గురించి ఒక మాట. రాగి జావను చోడి అంబలి అనే అలవాటుంటే అదే రాయండి, పక్కింటివాళ్ళు దాన్నే ఒడియాలో మాండియా జావు అంటే వాళ్ళు అలా రాసుకుంటారు. గిడుగు రామమూర్తి గారు ఈ ఊళ్ళో పంతులుగా పనిచేసినవారే, జనం మాట్లాడే తెలుగే రాతలోకి రావాలని పోరాడినవారే. మన డైరీలో గ్రాంథికం ఎందుకు?

ఇక నడక. అడుగులు లెక్కపెట్టే ఫోన్ లేకపోయినా నిమిషాలు రాస్తే చాలు. పక్కన ఊపిరి గుర్తు పెట్టండి: మాట్లాడగలిగి పాట పాడలేకపోతే "వేగం", హాయిగా పాడగలిగితే "షికారు". వారానికి 150 నిమిషాలు ఉండాల్సింది వేగం. నేను సాయంత్రం మహేంద్రతనయ నది దాకా నడిచి వస్తానని గొప్పగా చెప్పుకునేవాణ్ణి. దారిలో కనిపించినవాళ్ళందరినీ పలకరిస్తూ నడిచే ఆ గంటలో వేగం పన్నెండు నిమిషాలే. బిందెలు మోయడం, ఊపిరి ఎగిసేలా ఇల్లు ఊడ్చి తుడవడం కూడా రాయండి, అవీ పనే.

షుగర్ మాత్రలో ఇన్సులినో వాడేవాళ్ళు గరిటెల లెక్క చూసి టెన్షన్ పడి అన్నం ఒక్కసారిగా తగ్గించేయకండి, షుగర్ పడిపోవచ్చు. ముందు డైరీ డాక్టరుకు చూపించండి.

ఈ వారం ఏడు పేజీలూ గరిటెలతో, చెంచాలతో, నిమిషాలతో నింపండి. మధ్యలో పెళ్ళి భోజనం వస్తే సిగ్గుపడి ఆ పేజీ చింపేయొద్దు. నాలుగో పాఠం దానితోనే మొదలుపెడతాం.