ఎలక్షన్లు లేనప్పుడు కూడా పార్టీ చందాలు ఆగకుండా చూసుకోవడం ఎలా? (బెంగళూరులో ఉన్న తెలుగువాళ్ళకి)

ఎలక్షన్ టైంలో డబ్బులు అడగడం కష్టం కాదు. 2024 మే 13న ఆంధ్రలో పోలింగ్, దానికి ముందు మన వాట్సాప్ గ్రూపులు ఎలా ఉన్నాయో గుర్తు తెచ్చుకోండి, మారతహళ్లి నుంచి బస్సులు ఎప్పుడు, ఎవరి కార్లో సీటుంది, ఎవరు ఎంత వేశారు అని రాత్రి ఒంటిగంటకి కూడా మెసేజ్‌లే. రిజల్ట్ వచ్చింది, గెలిచినవాళ్ళూ ఓడినవాళ్ళూ ఒకేలా చల్లబడిపోయారు, ఇప్పుడు గ్రూపులో గుడ్ మార్నింగ్‌లు తప్ప ఏం లేవు. ఇలాగే వదిలేస్తే మళ్ళీ ఎలక్షన్ దగ్గరపడ్డాక "అన్నా అర్జెంటు" అని ఫోన్ చేస్తాం, అవతలాయన "ఎవరు మాట్లాడేది?" అంటాడు.

నేను చూసినంతలో చందాలు ఆగేది జనం దగ్గర డబ్బుల్లేక కాదు, పోయినసారి ఇచ్చింది ఏమైందో ఎవరూ చెప్పలేదు కాబట్టి ఆగుతాయి. మీది ఏ పార్టీ అయినా సరే, ముందు లెక్క చెప్పడం, తర్వాతే అడగడం. మిగతావన్నీ దీని చుట్టూనే.

అసలు ఎలక్షన్ లేనప్పుడు డబ్బు దేనికి అని అడుగుతారు, దానికి మీ దగ్గర సూటి జవాబు ఉండాలి. ఓటర్ లిస్టు పని ఒక్కటి చాలు. ఇప్పుడు కొత్త ఓటర్లకి సంవత్సరానికి నాలుగు తేదీలున్నాయి, జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబర్ 1, ఆ తేదీకి 18 నిండినవాళ్ళు ఫారం 6 పెట్టుకోవచ్చు, ఇల్లు మారినవాళ్ళకి ఫారం 8. ఇంటింటికీ తిరిగి ఇది చేయించాలంటే పెట్రోలు, జిరాక్సులు, కుర్రాళ్ళకి భోజనం, అన్నీ ఖర్చే. ఇంకోటి, ఎలక్షన్ డేట్ వచ్చాక చూద్దాంలే అనేవాళ్ళకి బెంగళూరునే చూపించండి. ఇక్కడి నగరపాలక సంస్థ బీబీఎంపీకి చివరిసారి ఎన్నికలు జరిగింది 2015 ఆగస్టులో, ఆ కౌన్సిల్ గడువు 2020 సెప్టెంబరులో అయిపోయింది, తర్వాత ఏళ్ళ తరబడి కార్పొరేటర్లే లేరు, 2025లో బీబీఎంపీ పోయి గ్రేటర్ బెంగళూరు అథారిటీ వచ్చి ఐదు కార్పొరేషన్లు అయ్యాయి. డేట్ కోసం ఎదురుచూసిన వార్డు టీమ్ ఇన్నేళ్ళూ ఖాళీగా కూర్చోవాల్సిందేగా.

మనవాళ్ళలో చాలామందికి ఓటు ఊళ్ళోనే ఉంది, హిందూపురమో మదనపల్లో అనంతపురమో. మనసు కూడా అక్కడే. "పార్టీకి ఇవ్వండి" అంటే కదలనివాళ్ళు "మన బూత్ పనికి" అంటే కదులుతారు. కానీ ఇక్కడ జాగ్రత్త, పార్టీ ఖాతాకి వెళ్ళిన డబ్బు దానంతటదే మీ మండలానికి రాదు. అందుకని ముందే జిల్లా ఆఫీసు వాళ్ళతో కూర్చోండి, మా గ్రూపు నుంచి నెలకి ఇంత వస్తోంది, ఇందులో ఇంత ఫలానా పనికి కేటాయించండి, బిల్లుల ఫోటోలు పంపండి అని తేల్చుకోండి. వాళ్ళు ఒప్పుకోకపోతే గ్రూపులో ఆ మాట ఇవ్వకండి.

మొత్తం చిన్నదిగా, నెలనెలా ఉండాలి. వంద, రెండు వందలు. సంవత్సరానికోసారి ఐదు వేలు అడిగితే "ఆలోచించి చెప్తా" అంటారు, నెలకి రెండు వందలకి ఆలోచించేదేముంది. పార్టీ అధికారిక పేజీలో మంత్లీ ఆప్షన్ ఉంటే యూపీఐ ఆటోపే (నెలనెలా డబ్బు దానంతటదే కట్ అయ్యేది) పెట్టించండి, తేదీ 3 నుంచి 5 మధ్య, జీతం పడి ఇంటద్దె కట్టాక. మీ పర్సనల్ ఫోన్‌పే నంబర్‌కి మాత్రం ఒక్క రూపాయి కూడా వేయించుకోవద్దు, ఇచ్చినవాళ్ళ పేరు మీద రసీదు రాదు, మీ అకౌంట్‌లో పడ్డదానికి రేపు మీరే సమాధానం చెప్పుకోవాలి, అన్నిటికంటే ముందు నమ్మకం పోతుంది.

ఆటోపేలో డబ్బు కట్ అవడానికి 24 గంటల ముందు ఒక మెసేజ్ వస్తుంది, ఫలానా చోటికి 200 వెళ్ళబోతోంది అని. "ఇంకా ఎందుకిది, ఆపేద్దాం" అనిపించేది సరిగ్గా ఆ క్షణంలోనే. కాబట్టి మీ లెక్క దానికంటే ఒకరోజు ముందే వాళ్ళ ఫోన్‌లో ఉండాలి, 5న కట్ అయితే 3 సాయంత్రానికి. పొడుగ్గా అక్కర్లేదు, ఇలా చాలు:

"అక్కా, పోయిన నెల మన గ్రూపు నుంచి 41 మంది ఇచ్చారు, 8,200 వచ్చింది. 3,100 ఫారాలు నింపించే క్యాంపుకి పెట్రోలు, జిరాక్సులు. 2,400 రెండు ఆదివారాల భోజనాలు. మిగిలింది 2,700, వచ్చే నెలకి ఉంచాం. బిల్లులు కింద పెట్టాను. కొత్తగా ఫారం 6 పెట్టినవాళ్ళు 63 మంది."

అంకెలు మీవి వేసుకోండి, రౌండ్ చేయకండి. పని జరగని నెల "ఈ నెల ఏం చేయలేదు, డబ్బు అలాగే ఉంది" అని రాయండి, ఆ నెలే అసలు గౌరవం వచ్చేది.

ఆటోపేలు కొన్ని వాటంతటవే ఆగిపోతాయి, కంపెనీ మారి శాలరీ అకౌంట్ మారుస్తారు, ఫోన్ నంబర్ మారుస్తారు. దానికి ఒక మనిషిని పెట్టండి, మెసేజ్ కాదు, ఫోన్. "అన్నా, ఆటోపే ఆగినట్టుంది, బ్యాంకు మారారా, లేక మీరే ఆపేశారా? ఆపేస్తే పర్లేదు, కారణం చెప్తే చాలు" అనాలి. మూడు నెలలకోసారి ఎవరింట్లోనైనా ఆదివారం టిఫిన్‌కి కలవండి, ఊళ్ళో బూత్ పని చేసే కుర్రాణ్ణి వీడియో కాల్‌లో మాట్లాడించండి, పెద్ద లీడర్ అక్కర్లేదు.

రూల్స్ కూడా తెలిసుండాలి. క్యాష్‌లో ఒకరి దగ్గర 2,000 మించి పార్టీ తీసుకోకూడదు, అదైనా రసీదుతోనే. సంవత్సరంలో 20,000 దాటి ఇచ్చినవాళ్ళ పేర్లు ఎలక్షన్ కమిషన్‌కి వెళ్తాయి, ముందే చెప్పండి. పార్టీ చందా మీద వచ్చే, 80జీజీసీ అని మనం పిలుచుకునే ట్యాక్స్ మినహాయింపు ఇన్‌కమ్ ట్యాక్స్‌లో పాత రెజీమ్ ఎంచుకున్నవాళ్ళకే, అదీ క్యాష్ కాకుండా ఇస్తేనే. అమెరికాలో ఉన్న బావమరిదికి ఇండియన్ పాస్‌పోర్ట్ ఉంటే ఇవ్వొచ్చు, అక్కడి సిటిజన్ అయిపోతే ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన మనవాళ్ళకి ఇండియా ఇచ్చేది) ఉన్నా తీసుకోకూడదు. సెంట్రల్ గవర్నమెంట్ ఉద్యోగుల్ని అసలు అడగొద్దు, వాళ్ళ 1964 కాండక్ట్ రూల్స్ ఒప్పుకోవు, వాళ్ళ ఉద్యోగానికి చిక్కు. "డొనేషన్ వేయండి, కమిషన్ పట్టుకుని క్యాష్ వెనక్కిస్తాం" అని ఎవడైనా వస్తే గ్రూపులోంచి వెంటనే తీసేయండి, ఇలాంటి బోగస్ రసీదుల మీద ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ళు గట్టిగా పడ్డారు. 2025 ఆగస్టులో ఎలక్షన్ కమిషన్ 334 పార్టీల్ని లిస్టులోంచి తీసేసింది కూడా, కాబట్టి చిన్న పార్టీ అయితే లిస్టులో ఉందో లేదో చూసుకున్నాకే మొదలుపెట్టండి.

ఇవ్వడం ఆపేసినవాళ్ళని మాత్రం గ్రూపులోంచి తీయకండి, ప్రతి నెలా లెక్క వాళ్ళకీ వెళ్ళాలి, వాళ్ళిచ్చిన డబ్బు లెక్క కూడా అందులో ఉంది కదా.