కిటికీ అద్దాలకు ఫిల్మ్ అంటించే ముందు

చెన్నైలో కత్తిరి ఎండలు మొదలవకముందే పడమటి కిటికీలకు ఎండవేడిని ఆపే ఫిల్మ్ అంటించే పని చూసుకోండి. ఉత్తరం వైపువి వదిలేసినా పెద్ద నష్టం లేదు.

ముందు అద్దం రకం చూడండి. లోపల తీగ ఉన్నదానికీ, రెండు పొరలదానికీ ముదురు ఫిల్మ్ వద్దు. అది వేడిని పీల్చుకుంటుంది. నడిమి భాగం కాగి, ఫ్రేములోని అంచులు చల్లగా ఉండిపోయి అద్దం పగలొచ్చు. అంచు పెచ్చులూడినా అదే ప్రమాదం.

ఫిల్మ్ అంటించేముందు అద్దం తడపడానికి బోరు నీళ్ళు వాడకండి, ఉప్పు మరకలు ఫిల్మ్ కిందే ఉండిపోతాయి. క్యాన్ నీళ్ళలో లీటరుకు నాలుగైదు చుక్కల బేబీ షాంపూ చాలు.

ఫ్యాన్ ఆపండి (ఒక్కో దుమ్ము రేణువుకూ ఒక బుడగ!). వేడి అద్దం మీద నీళ్ళు చటుక్కున ఆరి ఫిల్మ్ జరగదు, కాబట్టి ఉదయాన్నే చేయండి. అంచుల్లో 2 మి.మీ. ఖాళీ వదలండి. నెలదాకా తుడవకండి, ఆ తర్వాతా అమ్మోనియా క్లీనర్లు వద్దు.

ఫిల్మ్ ఉన్నా, రాత్రి లైటు వేస్తే బయటివాళ్ళకు అంతా కనిపిస్తుంది, కర్టెన్లు తీసెయ్యకండి.