అచ్చుపని స్వయంబోధిని – 4: ఆల్డస్ మడత, రెండోసారి

ఆల్డస్ మనూషియస్ 1501లో వెనిస్‌లో అచ్చువేసిన ప్రాచీన రోమన్ కవి వర్జిల్ కావ్యాల చిన్న పుస్తకాన్ని నమూనాగా తీసుకొని, ఒక కాగితాన్ని మూడుసార్లు మడిచి 16 పేజీల ఫారం (పుస్తకంలో కుట్టే ఒక మడతల కట్ట) చేయమని గత పాఠంలో చెప్పాను. చాలామంది చేసిన ఫారాల్లో 1వ పేజీ వెనుక 2కు బదులు 6 వచ్చింది. కాగితాన్ని ఎటు తిప్పాలో నేను చెప్పకపోవడమే దీనికి కారణం. అందుకే ఇటాలిక్ (వాలు అక్షరాల) పాఠాన్ని వాయిదా వేస్తున్నాను.

కాగితాన్ని అడ్డంగా పరిస్తే మొదటి వైపు కింది వరుసలో ఎడమ నుంచి 4, 13, 16, 1 ఉంటాయి. పై వరుసలో 5, 12, 9, 8 తలకిందులుగా ఉంటాయి. రెండో వైపు కింద 2, 15, 14, 3, పైన తలకిందులుగా 7, 10, 11, 6.

కుడి అంచును పట్టుకొని, పుస్తకంలో పుట తిప్పినట్టు, ఎడమకు తిప్పాలి. అప్పుడు కుడి ఎడమలు మారతాయి గాని పై వరుస పైనే ఉంటుంది. కింద కుడి చివరనున్న 1 వెనుకకు కింద ఎడమ చివరనున్న 2 వస్తుంది. పై అంచును పట్టుకొని కిందికి తిప్పితే వరుసలే తారుమారై, 1 వెనుకకు 6, 8 వెనుకకు 3 చేరతాయి. మడతకు అటూ ఇటూ ఉన్న జంటల మొత్తం 17 వచ్చిందని కొందరు ధీమాపడ్డారు. ఆ కూడిక ఒక్కో వైపును విడిగా పరీక్షిస్తుందే తప్ప, రెండు వైపుల పొందికను పట్టి చూపదు. నేనైతే పట్టిక కంఠస్థం చేయను: ఖాళీ కాగితాన్ని మడిచి, అంచులు కోయకుండానే మూలల్లో పెన్సిలుతో అంకెలు వేసి విప్పుతాను.

ఈ పరిమాణం ఆల్డస్ కనిపెట్టినది కాదు, ప్రార్థన పుస్తకాలకు అంతకుముందే ఉంది. వ్యాఖ్యానాలు తీసివేసిన ప్రాచీన కావ్యాలను ఇంత చిన్నగా, ఫ్రాంచెస్కో గ్రిఫో చెక్కిన వాలు అక్షరాలతో, చేతిలో పట్టుకొని చదువుకునేలా వరుసగా వెలువరించడమే ఆయన సాధించిన మార్పు. ఆ పుటల్లో పెద్దక్షరాలు మాత్రం నిటారుగానే నిలబడి ఉంటాయి. వచ్చే పాఠం అక్కడి నుంచే మొదలవుతుంది.

అభ్యాసం: 17 నుంచి 32 వరకు రెండో ఫారం వేయండి. ఆ తర్వాత రెండు ఫారాలనూ చట్రంలో అక్షరాలు కూర్చే తీరులో గీయండి. అక్కడ అంతా అద్దంలో బింబంలా ఉంటుంది కనుక 1వ పేజీ కింది వరుసలో ఎడమ చివర ఉండాలి. ఒక్కో ఫారం మొదటి పేజీ అడుగున a, b అక్షరాలు వేయడం మరవకండి, కుట్టేవారికి వరుస తెలిసేది వాటితోనే.