గ్రైండింగ్ పొడిని ఎత్తే ముందు

అల్యూమినియం పొడిని, ఇనుప పొడిని ఒకే డ్రమ్ములో వేయకండి. అన్నిటికన్నా పెద్ద ముప్పు ఇదే. తుప్పు పట్టిన ఇనుప రజనుతో అల్యూమినియం కలిసి అంటుకుంటే వేడి 2,000 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. నీళ్లు చల్లితే ఆ మంట ఆరదు సరికదా, ఇంకా ఎగసిపడుతుంది. తడి లేని ఇసుక బకెట్టు చేతికందే దూరంలో పెట్టాకే పని మొదలుపెట్టండి.

తడి అల్యూమినియం పొడి ఉన్న డ్రమ్ముకు మూత బిగించకండి. లోపల హైడ్రోజన్ చేరుతుంది. మూత ఉబ్బి కనిపిస్తే దయచేసి దాన్ని ముట్టుకోకండి.

గాలి గొట్టంతో ఊదకండి. పేలేది నేల మీది పొడి కాదు, గాలిలోకి లేచిన పొడి.

నూనెతో తడిసిన ఇనుప పొడిని కుప్పగా వదలకండి, దానంతటదే వేడెక్కుతుంది.

కూలెంటును, అంటే గ్రైండింగ్‌లో వేడి తగ్గించడానికి పోసే ద్రవాన్ని, వడగట్టి వేరుగా దాచండి, కాలువలో పోయకండి.

పొడిని కరిగించడానికి పంపుతుంటే అందులో గ్రైండింగ్ చక్రం నుంచి రాలిన రజను కలిసిందని ముందే చెప్పండి. ఆ రజను చిట్టెంగా, అంటే కరిగిన లోహం నుంచి వేరుపడే మలినంగా మారుతుంది.