లినక్స్ కెర్నెల్ కూర్పు – 6వ పాఠం: డిస్కు విభజన పట్టికలు

గత పాఠంలో ఫైల్ సిస్టమ్‌లను ఎంచుకున్నాం. అయితే ఎక్స్‌ట్4 అనే ఫైల్ సిస్టమ్‌ను చదవడం వచ్చినంత మాత్రాన కెర్నెల్‌కు, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగానికి, డిస్కు అర్థం కాదు. ఏ పార్టిషన్ (డిస్కులోని విభాగం) ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పే పట్టికను అది ముందుగా చదవగలగాలి.

పీసీల పాత పద్ధతి అయిన ఎంబీఆర్‌లో ఈ పట్టిక డిస్కు మొదటి సెక్టారులో (సెక్టారు అంటే డిస్కుపై చదివే చిన్న ముక్క) 446వ బైటు నుంచి, 16 బైట్ల చొప్పున నాలుగు వరుసలుగా ఉంటుంది. కొత్త పద్ధతి అయిన జీపీటీ తన శీర్షికను రెండవ సెక్టారులోనూ, దాని నకలును డిస్కు చివరి సెక్టారులోనూ ఉంచుతుంది. జీపీటీ తెలియని పాత సాఫ్ట్‌వేర్‌లు డిస్కును ఖాళీగా భావించి చెరిపివేయకుండా, జీపీటీ డిస్కుల మొదటి సెక్టారులో కాపలాగా ఒక ఎంబీఆర్ కూడా ఉంటుంది. జీపీటీ మద్దతు లేకుండా కట్టిన కెర్నెల్ ఈ కాపలా పట్టికనే అసలు పట్టికగా తీసుకుని, డిస్కంతటినీ ఒకే పార్టిషన్‌గా చూపుతుంది. కెర్నెల్ మూల కోడ్‌లో జీపీటీ పరీక్షను ఎంబీఆర్ పరీక్షకు ముందు ఉంచడానికి కారణం ఇదే.

కెర్నెల్ ఎంపికల మెనూ అయిన మెనూకాన్ఫిగ్‌లో బ్లాక్ లేయర్ (డిస్కులను నడిపే భాగం) విభాగం కింద 'పార్టిషన్ టైప్స్' తెరవండి. సాధారణ పీసీకి ఎంబీఆర్, జీపీటీ రెండూ ముందే ఎంపికై ఉంటాయి; మిగిలినవి కనిపించాలంటే 'అడ్వాన్స్‌డ్ పార్టిషన్ సెలెక్షన్'కు వై (అవును, కెర్నెల్‌లోనే చేర్చు) ఇవ్వాలి. ఇక్కడ ఎం (మాడ్యూల్) అనే జవాబు చెల్లదు, ఎందుకంటే పట్టికలు చదివే భాగాన్ని అవసరమైనప్పుడు చేర్చుకునే విడి ముక్కగా, అంటే మాడ్యూల్‌గా, విడదీయలేము. కనిపించిన ప్రతిదానికీ వై కొట్టడం నాకు నచ్చదు: పాత అటారీ కంప్యూటర్ల పట్టికకు ప్రత్యేకమైన గుర్తు సంఖ్య లేదు, కెర్నెల్ పోలికను బట్టి ఊహించవలసి ఉంటుంది, ఆ ఊహ తప్పవచ్చు.

ఉదాహరణకు, ఎంబీఆర్ పద్ధతిలో ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను స్థాపించిన పాత డిస్కు ఒకటి మీ చేతికి వచ్చిందనుకోండి. ఎంబీఆర్ దృష్టిలో అది ఒకే పార్టిషన్. దాని లోపల బీఎస్‌డీ డిస్క్‌లేబుల్ అనే మరో పట్టిక దాగి ఉంటుంది. 'బీఎస్‌డీ డిస్క్‌లేబుల్' ఎంపిక ఎంబీఆర్ ఎంపికపై ఆధారపడుతుంది కనుక, రెండవది లేకుంటే మొదటిది మెనూలోనే కనిపించదు. రెండింటికీ వై ఇచ్చి కొత్త కెర్నెల్‌తో బూట్ చేసి, కెర్నెల్ సందేశాలలో డిస్కు పేరున్న వరుసను చూడండి: మొదటి పార్టిషన్ తరువాత కోణపు కుండలీకరణాల మధ్య బీఎస్‌డీ అని, 5వ సంఖ్య నుంచి లోపలి పార్టిషన్లు కనిపించాలి. వాటిలోని ఫైళ్లు చదవడానికి యూఎఫ్‌ఎస్ అనే బీఎస్‌డీ ఫైల్ సిస్టమ్ మద్దతు వేరుగా కావాలి. దానిని మాత్రం మాడ్యూల్‌గా కట్టవచ్చు. మౌంట్ చేసేటప్పుడు (పార్టిషన్‌ను ఫోల్డర్‌గా తెరిచేటప్పుడు) చదవడానికి మాత్రమే అని తప్పక పేర్కొనండి, ఎందుకంటే యూఎఫ్‌ఎస్‌పై రాసే సౌకర్యాన్ని కెర్నెల్ మెనూయే ప్రమాదకరమని ముద్ర వేసింది.