కూటంలో ‘దేవుని స్వరూపం’ గురించి చెప్పాల్సి వస్తే

ఈ వారం గృహకూటంలో ఆదికాండం 1:26, 27, అంటే దేవుడు తన స్వరూపంలో మనిషిని చేశాడన్న బైబిలు వచనాలు, మీరే చెప్పాలన్నారనుకోండి. సులువే అనిపిస్తుంది, ఆ వచనాలు చాలామందికి నోటికొచ్చు కదా. నాకూ అలాగే అనిపించింది. మొదటిసారి చెప్పినప్పుడు బోర్డు మధ్యలో గీత గీసి, ఇటు జంతువులు, అటు మనుషులు అని రాసి, మనిషికి బుద్ధి ఉంది, మాట ఉంది, మంచీచెడూ తెలుసు, ప్రార్థన చేయగలడు, కాబట్టి ఇదే దేవుని స్వరూపం అని చకచకా చెప్పేశాను. అందరూ తలలూపారు. వెనక చాప మీద కూర్చున్న ఒక ఆంటీ మాత్రం, “మావాడికి మాట రాదు, మనుషుల్ని గుర్తుపట్టడమే అంతంతమాత్రం, మరి వాడి సంగతేంటి బాబూ?” అని అడిగారు. ఇరవై ఏళ్ల కొడుకు పక్కనే కూర్చుని, వాళ్లమ్మ కొంగు చివర వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉన్నాడు. నా దగ్గర జవాబు లేదు. “దేవుడికి అందరూ ఒకటేనమ్మా” అని ఏదో అనేసి పాట ఎత్తుకున్నాను.

అందుకే మొదటి సలహా, ఆ జాబితాతో మొదలుపెట్టకండి. అది పూర్తిగా తప్పని కాదు. తొలినాటి సంఘంలో అగస్టీను లాంటి పెద్ద పండితుడే మనిషి మనసులోని జ్ఞాపకం, గ్రహింపు, చిత్తం అనే మూడింటిలో త్రిత్వపు (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడన్న బోధ) ఛాయ చూశాడు. కానీ దాన్నే కొలతగా పెట్టుకుంటే పసిపిల్లలు, మతిమరుపుతో మంచంపట్టిన ముసలివాళ్లు, ఆ ఆంటీ కొడుకు, అందరూ కొలతకు అందకుండా మిగిలిపోతారు. మళ్లీ ఒకసారి వచనం చదవండి. ఫలానా శక్తి ఉంది కాబట్టి మనిషి దేవుని స్వరూపం అని అక్కడ ఎక్కడా లేదు. దేవుడు తన స్వరూపమందు నరుని సృజించెను అని మాత్రమే ఉంది.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? ‘పోలిక’ దగ్గర. మన పాత అనువాదంలో “మన స్వరూపమందు మన పోలికె చొప్పున” అని రెండు మాటలున్నాయి, హెబ్రీలో త్సెలెమ్, దెమూత్. స్వరూపం అనగానే మనవాళ్లకు ముఖం, కాళ్లు, చేతులు గుర్తొస్తాయి, దేవుడికి శరీరం ఉందా అన్న చర్చ మొదలవుతుంది (దేవుడు ఆత్మ అని యోహాను 4:24 చూపించి ముందుకెళ్లిపోండి). పోలిక అంటే మాత్రం ఎవరికీ వివరించక్కర్లేదు. పుట్టిన పిల్లను చూడటానికి వెళ్తే దుప్పటి కాస్త తొలగించి, ముక్కు నానమ్మది, నుదురు వాళ్ల నాన్నది అని తేల్చేస్తాం కదా. ఆ పిల్ల ఇంకా కళ్లు కూడా సరిగ్గా తెరవలేదు, ఏ పనీ చేయలేదు, అయినా పోలిక వచ్చేసింది. ఇప్పుడు ఆదికాండం 5:3 తీయించండి. ఆదాముకు నూట ముప్పై ఏళ్లప్పుడు తన పోలికెగా, తన స్వరూపం చొప్పున షేతు పుట్టాడని ఉంటుంది. అవే రెండు మాటలు. పోలిక కన్నవాళ్ల నుంచి వస్తుంది, పిల్లలు కష్టపడి సంపాదించుకునేది కాదు. ఆ ఆంటీకి ఆరోజు నేను చెప్పాల్సిన జవాబు ఇదే. రెండు నెలల తర్వాత వాళ్లింటికి వెళ్లి చెప్పాను, ఆవిడ “అది నాకు తెలుసు బాబూ, నీకు తెలుసో లేదో అని అడిగాను” అన్నారు!

తర్వాత విగ్రహం సంగతి చెప్పండి. త్సెలెమ్ అనే మాటనే సంఖ్యాకాండం 33:52లో కనానీయుల పోత విగ్రహాలకూ వాడారు. అప్పటి రాజులు తమ ప్రతిమలను గుళ్లలో, గెలిచిన ఊళ్లలో నిలబెట్టేవాళ్లు. 1979లో సిరియాలోని తెల్ ఫెఖెరియే దగ్గర ఒక రాజు రాతి విగ్రహం దొరికింది, క్రీస్తుకు పూర్వం తొమ్మిదో శతాబ్దం నాటిది. దాని మీద అరామిక్‌లో చెక్కిన రాతలో ఆ విగ్రహాన్ని ఈ రెండు మాటలతోనే, అంటే త్సెలెమ్, దెమూత్‌లకు జోడీ మాటలతోనే పిలిచారు. ఐగుప్తులోనైతే (ఈజిప్టు) రాజే దేవుడి స్వరూపం, టూటన్‌ఖామున్ అన్న రాజు పేరుకు ‘ఆమోను అనే దేవుడి సజీవ స్వరూపం’ అని అర్థం. మిగతా జనం ఆ రాజుకు ఇటుకలు మోసేవాళ్లు. ఆదికాండం ఆ బిరుదును రాజు దగ్గర ఆపకుండా స్త్రీకీ పురుషుడికీ, అందరికీ ఇచ్చేసింది. ఇక్కడ కాస్త ఆగి వాళ్లను ఆలోచించుకోనివ్వండి, ఎందుకంటే రెండో ఆజ్ఞలో దేవుడు తనకు విగ్రహం చేయొద్దన్నది ఎందుకో ఎవరో ఒకరు వాళ్లంతట వాళ్లే అందుకుంటారు: తన ప్రతిమగా మనిషిని ముందే నిలబెట్టాడు కదా.

ప్రతిమకు ఒక పని ఉంటుంది, అది రాజును కళ్లముందు నిలబెట్టాలి. అందుకే ఆదికాండం 1:26లో స్వరూపం మాట వెంటనే ఏలుబడి మాట వస్తుంది. ఏలడమంటే చెట్లు కొట్టేసి చెరువులు పూడ్చుకోవడానికి లైసెన్సు అనుకోకుండా 2:15 కూడా చదవండి, తోటను సేద్యం చేయాలి, కాయాలి అని ఉంటుంది.

ఇక్కడ మన తెలుగువాళ్ల దగ్గర ఒక చిక్కు వస్తుంది. “అంటే మనలో దేవుడి అంశ ఉందన్నమాట” అని ఎవరో తప్పకుండా అంటారు. మనం పెరిగిన వాతావరణంలో అది సహజంగా వచ్చే మాట, వెక్కిరించకండి. క్రైస్తవ బోధలో మాత్రం సృష్టికర్త వేరు, సృష్టి వేరు. ఫోటోలో అమ్మ ఉన్నంత మాత్రాన ఆ కాగితం అమ్మ కాదు, అలాగని దాన్ని ఎవరైనా కాలితో తొక్కితే ఊరుకోం. నా మటుకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

యౌవనస్థుల కూటమైతే ఒక నోటు చేతులు మార్పించండి. దీని మీద ఎవరి బొమ్మ ఉంది? గాంధీ గారిది. ఇప్పుడు మార్కు 12:13-17. యేసు దేనారం అనే రోమా నాణెం తెప్పించి, ఈ రూపం ఎవరిదని అడిగి, కైసరువి (రోమా చక్రవర్తివి) కైసరుకు, దేవునివి దేవునికి అన్నాడు. నాణెం మీద కైసరు రూపం ఉంది కాబట్టి అది కైసరుది, దేవుని రూపం మనిషి మీద ఉంది కాబట్టి మనిషి దేవుడివాడు అని తెర్తుల్లియను అనే తొలినాటి సంఘ రచయిత ఆ కాలంలోనే విడమర్చి రాశాడు.

పాపం వల్ల స్వరూపం పోయిందా అని అడుగుతారు. పోలేదు. జలప్రళయం అయ్యాక కూడా ఆదికాండం 9:6 నరహత్య ఎందుకు కూడదో చెప్తూ ఇదే కారణం చూపిస్తుంది. పోలేదు గానీ పాడైంది, అందుకే కొలొస్సయులకు 3:10 నూతనపరచబడటం గురించి మాట్లాడుతుంది. 2 కొరింథీయులకు 3:18లో అద్దం అని వస్తుంది కదా, ఆరోజుల్లో అది ఎక్కువగా మెరుగుపెట్టిన కంచు పలక. మా అమ్మమ్మ ఇత్తడి చెంబును చింతపండు, బూడిదతో తోమేది. మొదట నల్లటి నీళ్లు కారేవి, చాలాసేపటికి వంటింటి కిటికీ అందులో వంకరగా కనపడేది, ఇంకా తోమితే ఆవిడ ముఖం. చెంబు తనను తాను తోముకోదు, ఆ వచనం కూడా ప్రభువగు ఆత్మచేత మార్చబడుతున్నామనే చెప్తుంది. మార్పు ఎవరి పోలికలోకి? అదృశ్యదేవుని స్వరూపియైన క్రీస్తు పోలికలోకి (కొలొస్సయులకు 1:15, రోమీయులకు 8:29). సమయం తక్కువుంటే మిగతావి తగ్గించండి గానీ దీన్ని వదిలేయకండి, ఇది లేకపోతే మీ పాఠం వట్టి నీతిబోధ అయిపోతుంది.

చివరి పదిహేను నిమిషాలు యాకోబు 3:9కి ఉంచండి. ఒకే నాలుకతో ప్రభువును స్తుతిస్తాం, దేవుని పోలికెగా పుట్టిన మనుషులను శపిస్తాం అంటాడు. ఒక వారం హోంవర్క్ ఇవ్వండి: ఆటో అతన్ని, పనమ్మాయిని, కోడల్ని, ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఆ ఒక్క బావగారిని ఏమన్నారో రాత్రి పడుకునే ముందు రాసుకోమనండి. పనమ్మాయి గ్లాసు మీ ఇంట్లో విడిగా ఉందా అని కూడా అడగండి, కాస్త టెన్షన్ పడతారు, పర్లేదు. కులం మాట కూడా ఎత్తాల్సిందే. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున అమెరికా మిషనరీ క్లౌ దొర మిషను ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చింది, వాళ్లలో ఎక్కువమంది ఊరు దూరం పెట్టిన మాదిగ కుటుంబాలవాళ్లు. అలాంటివాళ్లు మొదలుపెట్టిన సంఘాల్లోనే ఈరోజు పెళ్లి సంబంధం అనగానే మొదట కులం అడుగుతున్నారంటే, ఆదికాండం మొదటి అధ్యాయం మనకింకా వంటబట్టలేదన్నమాట.

రెండు ప్రశ్నలకు సిద్ధంగా ఉండండి. ఒకటి, “మన స్వరూపమందు” అన్న బహువచనం ఎవరిది? త్రిత్వం అని చాలామంది చదువుతారు, పరలోక సభతో (దేవదూతలతో) అన్న మాట అని కొందరు పండితులంటారు, ఐదు నిమిషాల్లో ముగించండి. రెండోది 1 కొరింథీయులకు 11:7, పురుషుడే దేవుని పోలిక అన్నట్టుంది కదా అని ఎవరో అన్నయ్య నవ్వుతూ అడుగుతాడు. ఆదికాండం 1:27 మళ్లీ ఆయన చేతే పైకి చదివించండి, “స్త్రీనిగాను పురుషునిగాను” దగ్గర ఆపమనండి, ఆ తర్వాత 1 కొరింథీయులకు 11:11, 12 ఆయన భార్య చేత చదివించండి.